అమ్మకానికి ప్రూడెన్స్

నేను పిరికివాణ్ణి. ఈ మాట మీలో ఎవరైనా అంటే ఒప్పుకోను గాని, నా అంతట నేను చెప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

తప్పు నాది కాదు, ఉద్యోగానిది. బీమా కంపెనీలో నష్టపరిహారాల విభాగం నాది. ఎవరింటి మీద చెట్టు పడినా, ఎవరి కారు దుప్పిని గుద్దినా, ఎవరి పొయ్యిగొట్టంలోంచి మంట లేచినా ఆ కాగితం నా బల్లమీదికే వస్తుంది. ఇన్నేళ్ళుగా అవి చదివినవాడికి లోకంలో ప్రతి వస్తువూ ఎప్పుడో ఒకప్పుడు నెత్తిన పడేదిగానే కనిపిస్తుంది. అందుకే మా ఊళ్ళో నన్ను ఎల్వుడ్ పింకమ్ అనరు, ప్రమాదాల పింకమ్ అంటారు.

మా ఆవిడ లోర్నా స్కూలు బస్సు నడుపుతుంది. అమెరికా ఈశాన్య మూలనున్న మా మెయిన్ రాష్ట్రపు చలికాలంలో, గడ్డకట్టిన కొండ దారుల్లో, వెనకాల బస్సునిండా పిల్లలు కేకలు పెడుతుంటే, ఈల వేసుకుంటూ నడుపుతుంది. దేవుడు భయం పంచిపెట్టిన రోజున ఆవిడ వాటా కూడా నేనే పట్టుకొచ్చాను.

ఆవిడకొక కయాక్ ఉండేది. సన్నగా, పొడుగ్గా, పసుప్పచ్చగా, ఒక్క మనిషి కాళ్ళు చాపుకుని కూర్చోవడానికి మాత్రమే చోటుండే పడవ. దానికి ప్రూడెన్స్ అని పేరు పెట్టి, ముక్కు మీద నల్లరంగుతో రాసుకుంది. అది మా అమ్మ పేరు.

"మా అమ్మంటే నీకింత ప్రేమని తెలీదు లోర్నా," అన్నాను ఆ రోజున, గొంతు గద్గదమై.

"ప్రేమా పాడా! ఇద్దరూ సన్నగా పొడుగ్గా ఉంటారు. మనం కాస్త ఒక పక్కకి మొగ్గామా, తిరగబడతారు. అందుకని పెట్టాను," అంది.

మా ఇంటి వెనకే సముద్రపు పాయ. బడి లేని రోజు పొద్దున్నే లోర్నా ప్రూడెన్స్‌ను నీళ్ళలోకి తోసి, తెడ్డు ఝళిపించుకుంటూ వెళ్ళిపోయేది. నేను వెనక వరండాలో బైనాక్యులర్స్ పట్టుకుని నిలబడేవాణ్ణి. ఎవరైనా అడిగితే పక్షుల్ని చూస్తున్నానని చెప్పేవాణ్ణి. నేను చూసే పక్షి ఒక్కటే, అది పసుప్పచ్చగా ఉండేది.

పాయ చివర ఒక రాళ్ళ దిబ్బ ఉంది. ఆ పసుపు చుక్క దిబ్బ వెనక్కి వెళ్ళి అవతల పక్కన మళ్ళీ తేలేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు. పొగమంచు దిగిన రోజున అసలు చుక్కే ఉండేది కాదు. అప్పుడు నా బుర్రలో పాత ఫైళ్ళన్నీ రెపరెపలాడేవి. పడవ ఖాళీగా దొరికింది. తెడ్డు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. భర్త వరండాలో ఉండి కూడా ఏమీ చెయ్యలేకపోయాడు.

ఇంతలో మంచులోంచి లోర్నా ఊడిపడేది. బూట్లలోంచి నీళ్ళు ఒంపుతూ, "కాఫీ ఉందా?" అనేది.

"ఇంత చలిలో ఎందుకు వెళ్ళడం?" అని సణిగేవాణ్ణి నేను, చల్లారిపోయిన కప్పు చేతిలో పట్టుకుని.

అంతకన్నా ఏమనగలను చెప్పండి? 'చచ్చిపోయావనుకున్నానే' అని పెళ్ళాంతో ఎలా అంటాం? ఇన్నేళ్ళ కాపురంలో చలి గురించి మాట్లాడుకోవడం అలవాటైంది గాని, అలాంటి మాటలు నోటికి రావు.

ఇలా ఉండగా కంపెనీ నన్ను వాషింగ్టన్ రాష్ట్రానికి బదిలీ చేసింది. దేశానికి ఈ కొసన మేము, ఆ కొసన ఆఫీసు. మధ్యలో మిగతా దేశమంతా ఉంది.

లోర్నా ఏడవలేదు, అరవలేదు. బస్సు తాళాలు అప్పగించడానికి ఒప్పుకుంది, ఇల్లు అమ్మడానికి ఒప్పుకుంది, తను నాటిన బ్లూబెర్రీ పొదలు వదులుకోవడానికి కూడా ఒప్పుకుంది. "ఒక్కటే షరతు. ప్రూడెన్స్ నాతో వస్తుంది," అంది.

"మా అమ్మ పోయి చాలాకాలమైందిగా," అన్నాను, అర్థం కానట్టు.

"ఎల్వుడ్!"

"సరే, వస్తుందిలే."

సామాన్ల లారీ కంపెనీ మనిషి ఇల్లు చూడ్డానికి వచ్చాడు. సోఫా అన్నాడు, సరే అన్నాడు. బీరువా అన్నాడు, సరే అన్నాడు. వెనక షెడ్డులోకి వెళ్ళి ప్రూడెన్స్‌ను ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది మా లారీలో కుదరదు మేడమ్. మీరు వేరే పంపించుకోవాలి, లేదా అమ్మేసుకోవాలి."

నాకు ఆ మనిషిని కావలించుకుందామనిపించింది. గుండెలో అన్నేళ్ళుగా గడ్డకట్టి ఉన్నదేదో కొంచెం కరిగింది. అమ్మేసుకోవాలి! ఆ మాట నేను అనలేదు, లారీవాడు అన్నాడు. ఇక మిగిలిందల్లా పంపించే దారులన్నీ ఒక్కొక్కటే మూసెయ్యడం. ఆ పని నాకన్నా బాగా చేసేవాడు ఈ దేశంలో లేడు.

ఆ సాయంత్రం బీన్స్ తింటూ మొదలుపెట్టాను.

"కారు పైన కట్టుకుని వెళ్దామంటావా?" అన్నాను, ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టి. "కట్టుకోవచ్చు. మైదానాల్లో గాలి ఎలా ఉంటుందో తెలుసుగా. పోయిన ఏడు ఒకాయన కయాక్ కారు మీదనుంచి లేచి, వెనకొస్తున్న పెళ్ళివారి కారు మీద వాలింది. పెళ్ళికూతురి తలపాగా... అదే, ముసుగు... సరే, తినేటప్పుడెందుకులే."

"తాళ్ళు నేను కడతాను," అంది లోర్నా.

"నువ్వు కడితే ఊడవు, ఒప్పుకుంటాను. కాని పడమటి రాష్ట్రాలవాళ్ళు పడవ కనపడితే చాలు, బండి ఆపేస్తారు. వాళ్ళ చెరువుల్ని పాడుచేసే గుల్లలేమైనా అంటుకుని వచ్చాయేమోనని కిందా మీదా తడిమి చూస్తారు. ప్రతి సరిహద్దులోనూ దిగాలి."

"కాళ్ళు చాపుకున్నట్టుంటుంది."

"పోనీ, పెట్టెలో పెట్టి సరుకుల రైల్లో వేద్దామంటే, ఆ ఎత్తే యంత్రాలున్నాయే, వాటి పళ్ళు నేరుగా పొట్టలో దిగుతాయి. నేను ఫోటోలు చూశాను. చూడలేం."

"అందుకే ట్రెయిలరు మనిషితో మాట్లాడాను," అంది, ఇంకో గరిటె బీన్స్ నా పళ్ళెంలో వేస్తూ. "వట్టి పడవలే మోస్తాడట. ఈ గట్టువాళ్ళవి ఆ గట్టుకి, ఆ గట్టువాళ్ళవి ఈ గట్టుకి. మన ఊరి మీదుగానే వెళ్తాడు."

నా గొంతులో బీన్ గింజ అడ్డం పడింది. అలాంటివాడొకడు ఉన్నాడని నాకు తెలియదు. అతని మీద ఒక్క ఫిర్యాదు కూడా మా కంపెనీకి రాలేదంటే ఎంత దుర్మార్గుడై ఉండాలి!

"ఇంత తిప్పలెందుకు లోర్నా? ఇక్కడ అమ్మేసి, అక్కడ కొత్తది కొనుక్కుంటే పోలా?"

లోర్నా చెంచా కింద పెట్టి నావైపు చూసింది. "నువ్వు కూడా పాతబడ్డావు. నిన్నిక్కడ అమ్మేసి అక్కడ కొత్తవాణ్ణి చూసుకోనా?"

అక్కడితో చర్చ ముగిసింది. గిన్నెలు నేను కడిగాను.

కడుగుతూ ఫ్రిజ్ వైపు చూద్దును గదా, పళ్ళెం చేతిలోంచి జారి తొట్టిలో పడింది. మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఫ్రిజ్ మీద ఆటుపోట్ల పట్టిక ఉంటుంది. ఏ వేళకు సముద్రం నిండుతుందో, ఏ వేళకు తీస్తుందో అందులో ఉంటుంది. పాత పట్టిక పక్కన లోర్నా కొత్తదొకటి అంటించింది. మేము వెళ్ళబోయే ఊరిది.

"ఏమిటిది?"

"చదువుకుంటున్నాను. అక్కడ దీవుల మధ్య ఇరుకుల్లో నీళ్ళు ఏరులా పరిగెడతాయట ఎల్వుడ్! సుడులు కూడా తిరుగుతాయట!" అంది. పాయసం గురించి చెబుతున్నట్టు చెప్పింది.

సుడులట! ఇక్కడి రాళ్ళ దిబ్బకే నా ప్రాణం గిలగిలలాడుతుంటే, అక్కడ సుడులట! ఆ ఊళ్ళో నా వరండా ఎటు తిరిగి ఉంటుందో కూడా తెలియదు. ఆ రోజే నిశ్చయించుకున్నాను. లోర్నా మిగలాలంటే ప్రూడెన్స్ పోవాలి.

పథకం చాలా సులువు. గుట్టుగా అమ్మేస్తాను. ట్రెయిలరు మనిషి ముందే వచ్చి పట్టుకెళ్ళాడని లోర్నాతో చెబుతాను. అక్కడికి చేరాక, దారిలో పోయిందంటాను. నష్టపరిహారం దరఖాస్తు నేనే నింపుతాను, నేనే విచారణ చేస్తాను, నేనే మంజూరు చేస్తాను. ఇలాంటి దొంగ దరఖాస్తులు పట్టుకోవడానికే కంపెనీ నాకు జీతమిచ్చేదని అప్పుడు గుర్తు రాలేదు.

లోర్నా బజారుకు వెళ్ళినప్పుడు ప్రూడెన్స్‌ను షెడ్డు గోడకు ఆనించి, పేరు కనపడకుండా ఫోటో తీసి, వేరే పేరుతో కంప్యూటర్లో ప్రకటన పెట్టాను. పింకమ్‌ల వంశంలో అమ్మను అమ్మకానికి పెట్టిన మొదటివాణ్ణి నేనే.

మొదట వచ్చిన జవాబు ఒకాయనది. ఒక మేకనూ, నడవని మంచుబండినీ ఇస్తాను, మార్చుకుందామన్నాడు. ఇంకొకావిడ, మట్టి నింపి పూలమొక్కలు వెయ్యడానికి పనికొస్తుందా అని అడిగింది. మా అమ్మ వింటే ఏమనేదో తలుచుకుని నేనే ముడుచుకుపోయాను.

మూడో జవాబు చాలా పద్ధతిగా ఉంది. హ్యారియెట్ స్టబ్స్ అనే ఆవిడ రాసింది. అడిగిన ధరకే తీసుకుంటానంది, బేరం లేదు. 'అయితే పడవ నీళ్ళలో ఎలా పోతుందో చూడకుండా ఎవరూ కొనరు కదా. మీరు ఎక్కి, నా కళ్ళెదుట ఒక చుట్టు వేసి చూపిస్తే చాలు' అంది.

నాకు ఈత రాదు. నేను స్నానాల తొట్టిలో కూడా ఒక చెయ్యి అంచు మీద పెట్టుకునే కూర్చుంటాను.

బాగా ఆలోచించాను. ఒక్కపూట నేను నీళ్ళమీద భయపడితే, బతికినంతకాలం గట్టుమీద భయపడే బాధ తప్పుతుంది. లెక్క సరిగానే ఉంది. 'తప్పకుండా రండి, నాకు వెన్నతో పెట్టిన విద్య' అని రాసేశాను. రాసి, కాసేపు బల్ల కింద తల పెట్టుకుని కూర్చున్నాను.

మంచి రోజు దానంతటదే వచ్చింది. తోటి బస్సు డ్రైవర్లు వీడ్కోలు ఫలహారం పెడుతున్నారని లోర్నా పొద్దున్నే ముస్తాబై బయటికి వెళ్ళింది. నేను ఫ్రిజ్ మీద పట్టిక చూశాను. మధ్యాహ్నానికి కాస్త ముందు నిండు పోటు. నిండు పోటులో నీళ్ళు అటూ ఇటూ పోకుండా బుద్ధిగా నిలబడి ఉంటాయని లోర్నా అనగా విన్నాను. హ్యారియెట్‌గారిని ఆ వేళకే రమ్మన్నాను.

లోర్నాది లైఫ్ జాకెట్ తొడుక్కున్నాను. అది నా పొట్టను రెండు రాష్ట్రాలుగా విడగొట్టింది. పడవలోకి నీళ్ళు రాకుండా నడుముకు తొడుక్కునే రబ్బరు పావడా ఒకటుంటుంది, అదీ తొడుక్కున్నాను. ప్రూడెన్స్‌ను చక్రాల బండి మీద పెట్టి గట్టుదాకా లాక్కెళ్ళేసరికే ముచ్చెమటలు పోశాయి.

హ్యారియెట్‌గారు అప్పటికే వచ్చి నిలబడ్డారు. ఆరడుగుల మనిషి, నల్లకళ్ళద్దాలు, పటాలాన్ని నడిపించే గొంతు. అంతకుముందు ఆవిడ ముఖం ఎన్నడూ చూడలేదు.

"పావడా తిరగేసి కట్టుకున్నారు," అన్నారు ఆవిడ.

"మా ఇళ్ళల్లో ఇలాగే కడతారండీ," అన్నాను.

"ఎన్నాళ్ళనుంచి నడుపుతున్నారు?"

"చిన్నప్పటినుంచీ."

"మరి మోకాళ్ళెందుకు అలా కొట్టుకుంటున్నాయి?"

"ఉత్సాహమండీ."

ఎక్కడం గురించి ఎక్కువ చెప్పను. ఒక కాలు పెట్టాను, పడవ కదిలింది. రెండో కాలు పెట్టాను, గట్టు కదిలింది. ఎలాగో లోపల పడ్డాను. ప్రూడెన్స్ ఒక్కసారి అటూ ఇటూ ఊగి, నేనెవరినో కనిపెట్టి, అయిష్టంగా నిలబడింది. అచ్చం మా అమ్మే.

తెడ్డు ఒకసారి వేశాను. ముందుకు పోయింది! ఇంకోసారి వేశాను, ఇంకా పోయింది. ఏదో ఒకటి నన్ను మెల్లగా బయటికి లాగుతోంది. నా ప్రతాపమే అనుకున్నాను. వెనక్కి తిరిగి చేయి ఊపుదామంటే, మెడ తిప్పితే బోల్తా పడతానని భయం. కళ్ళు ముందుకే పెట్టుకుని, పళ్ళు బిగించి, 'ఒక్క చుట్టు, ఒక్క చుట్టు' అనుకుంటూ పాయ మధ్యకు వెళ్ళాను.

అక్కడ ప్రూడెన్స్ ఆగిపోయింది.

తెడ్డు వేస్తే నల్లటి బురద వచ్చింది. ఇటు వేశాను, ఇటూ బురదే. కిందికి చూశాను. నీళ్ళు లేవు. నా చుట్టూ ఉన్న నీళ్ళు నాకు చెప్పకుండా వెళ్ళిపోతున్నాయి. ఇన్నేళ్ళుగా పసుపు చుక్కను చూడటమే గాని, నీళ్ళు ఎటు పోతున్నాయో చూసే అలవాటు నాకెప్పుడూ లేదు.

అప్పుడు వెలిగింది. ఫ్రిజ్ మీద నేను చూసింది కొత్త పట్టిక. నిండు పోటు నిజమే, కాని ఇక్కడ కాదు. దేశానికి అవతల, పసిఫిక్ గట్టున, మేమింకా వెళ్ళని ఊళ్ళో. ఇక్కడ అట్లాంటిక్ ఖాళీ అవుతోంది.

'దిగి నడిచిపోదాం' అనుకుని ఒక కాలు బయట పెట్టాను. తొడ దాకా దిగింది. అడుగు తగల్లేదు. మా దగ్గర బురద మెత్తన, మనిషిని పట్టుకుంటే వదలదు. ఆ ఫైళ్ళూ చదివాను నేను. రెండు చేతులతో ప్రూడెన్స్ మెడ పట్టుకుని, కాలు పీక్కుని, మళ్ళీ లోపల పడ్డాను. బూటు మాత్రం బురదకే వదిలేశాను.

ఇది చాలదన్నట్టు పొగమంచు వచ్చింది. ముందు రాళ్ళ దిబ్బ పోయింది, తర్వాత గట్టు పోయింది, మా ఇల్లు పోయింది, హ్యారియెట్‌గారు కళ్ళద్దాలతో సహా పోయారు. చివరికి పడవ ముక్కు కూడా సగం పోయింది. చుట్టూ తెల్లగా, చప్పుడు లేకుండా ఉంది.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. నాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. వెళ్ళిన నీళ్ళు మళ్ళీ వస్తాయి. ఏ పక్కనుంచి వస్తాయో తెలియదు. పడవ తేలుతుందా, నిండుతుందా? ఎవరికి కనిపిస్తాను? వరండాలో బైనాక్యులర్స్ పట్టుకునేవాడు ఇక్కడే ఉన్నాడు కదా!

అప్పుడు నా నోట్లోంచి ఒక్కటే మాట వచ్చింది. "లోర్నా!" అని అరిచాను. గొంతు చిరిగేలా మళ్ళీ అరిచాను. ఆవిడ ఎక్కడో ఫలహారం తింటోందని తెలిసీ అరిచాను.

"అరవకు. ఇక్కడే ఉన్నాను," అంది మంచు.

"ఎవరది?"

"ఎవరేమిటి? నీ పెళ్ళాన్ని."

"ఎక్కడ?"

"నీకు కుడిపక్కన గులకరాళ్ళ తిన్నె మీద. ఇంతకన్నా దగ్గరికి రాలేను, దిగిపోతాను. కదలకు ఎల్వుడ్. ఊరికే కూర్చో. నీళ్ళు తిరిగొచ్చాక వచ్చి పట్టుకుంటాను."

"నువ్వు... ఫలహారం..."

"ఫలహారమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఇందాకటినుంచీ షెడ్డు వెనకాలే ఉన్నాను. హ్యారియెట్ మా పడవల జట్టు మనిషి. నీ ప్రకటన మొదట చూసింది అదే."

"పేరు కనపడకుండా తీశానుగా!"

"పేరు కనపడలేదు. వెనకాల తీగ మీద నీ ఏనుగుబొమ్మల పైజమా కనపడింది. అలాంటిది ఈ రాష్ట్రం మొత్తానికి ఒక్కటే ఉంది."

మంచు నాకూ ఆవిడకూ మధ్య తెరలా ఉండటం ఆ క్షణాన నాకు మేలే చేసింది. ముఖం చూపించక్కర్లేదు.

"ఫైరింజన్‌వాళ్ళని పిలవనా?" అంది.

"వద్దు! ఆ రిపోర్టు నేరుగా మా ఆఫీసుకొస్తుంది!"

"అయితే కూర్చో. ఇదిగో, మఫిన్ విసురుతున్నాను, పట్టుకో."

ఏదో మెత్తటిది నా చెవి పక్కనుంచి పోయి బురదలో 'తప్' మంది.

"నువ్వు నీళ్ళు చూసి పారిపోతావనుకున్నాను," అంది లోర్నా. గొంతు మారింది. "పారిపోతూ అసలు సంగతి చెప్తావనుకున్నాను. ప్రూడెన్స్ అంటే నీకెందుకింత కక్షో తెలుసుకోవాలని ఇదంతా. నిజంగా ఎక్కుతావని నేను కల్లో కూడా అనుకోలేదు. ఎక్కావు. తీస్తున్న నీళ్ళలో! నేను అరుస్తూనే ఉన్నాను, నీకు వినపడలేదు. పరిగెత్తుకొచ్చేసరికి మంచు దిగింది, నువ్వు మాయమైపోయావు. గుండె ఆగిపోయింది ఎల్వుడ్. చచ్చిపోయావనుకున్నాను."

"అదీ!" అని లేవబోయాను. ప్రూడెన్స్ ఒక్క ఊపు ఊపి కూర్చోబెట్టింది. "అదీ నాకు రోజూ ఆగేది! నువ్వు ఆ దిబ్బ వెనక్కి వెళ్ళినప్పుడల్లా! మంచు దిగినప్పుడల్లా! నేను చూసేది పక్షుల్ని అనుకున్నావా?"

"పక్షుల్నే అనుకున్నాను."

"నాకు పక్షులంటే అసహ్యం!"

మంచులోంచి ఏదో చప్పుడు వచ్చింది. ఆవిడ నవ్వుతోందో, ముక్కు చీదుతోందో తెలియలేదు. కొంచెం సేపటికి తెలిసింది. లోర్నా ఏడుస్తోంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఏడవగా నేను విన్నది ఎప్పుడో మా అమ్మ పోయినప్పుడు.

"ఇన్నాళ్ళూ ఒక్కముక్క చెప్పవేం?"

"చెప్తే మానేస్తావేమోనని," అన్నాను. నా నోటికి అంత నిజం ఎలా వచ్చిందో నాకే తెలియదు. "మానేసి, వరండాలో నా పక్కన కూర్చుని నన్నే చూస్తూ ఉంటావేమోనని."

"అందుకని దొంగతనంగా అమ్మేస్తావా, మహానుభావా?"

నీళ్ళు వచ్చేదాకా ఆవిడ ఆ తిన్నె మీదే కూర్చుంది. నేను ఊరుకుంటే 'ఎల్వుడ్?' అనేది, ఆవిడ ఊరుకుంటే 'లోర్నా?' అనేవాణ్ణి. వంటింటి గోడలకు అక్కడ ఏ రంగు వెయ్యాలో, ట్రెయిలరు మనిషికి ఏం చెప్పాలో, బురదలో పోయిన నా బూటు ఎక్కడ కొన్నామో, నోటికొచ్చినదల్లా మాట్లాడుకున్నాం. ఆ సద్దు ఆగకుండా చూసుకున్నాం.

నీళ్ళు వచ్చాయి. చప్పుడు చెయ్యకుండా వచ్చి పడవ కింద దూరాయి. ప్రూడెన్స్ తిరగబడుతోందనుకుని కెవ్వుమన్నాను. అప్పటికే లోర్నా తిన్నె అంచున నడుములోతు నీళ్ళలోకి దిగి, దగ్గరికి కొట్టుకొచ్చిన పడవ ముక్కు తాడు పట్టుకుంది. చల్లటి చేత్తో నా చెంప ఒకసారి తడిమి చూసి, మారు మాట్లాడకుండా గట్టుకు లాక్కెళ్ళింది.

వంటింట్లో నన్ను మూడు దుప్పట్లలో చుట్టి, గుల్లలు వేసి కాచిన చౌడర్ సూపు ముందు పెట్టి, తను ఎదురుగా కూర్చుంది.

"అమ్మేద్దాం," అంది.

నా చెవులను నేను నమ్మలేదు. "ఏమిటి?"

"ప్రూడెన్స్‌ని. హ్యారియెట్ నిజంగానే కావాలంటోంది. ఇవాళ అక్కడ నిలబడి చూశాక, నిన్ను అలా వరండాలో వదిలేసి వెళ్ళడం ఇక నావల్ల కాదు."

చౌడర్ అంత రుచిగా ఎన్నడూ లేదు. గెలిచాను! బురదలో కూరుకుపోయి, బూటు పోగొట్టుకుని, పరువు పోగొట్టుకుని అయినా గెలిచాను. ఇక సుడులు లేవు, మంచు లేదు, పసుపు చుక్క లేదు. హ్యారియెట్‌గారు వచ్చి ప్రూడెన్స్‌ను ఎక్కించుకుపోతుంటే నేనే దగ్గరుండి సాయం పట్టాను. లోర్నా మాత్రం షెడ్డు తలుపు దగ్గర నిలబడి, ఖాళీ గోడ వైపు ఒకసారి చూసింది. నాకు కొంచెం సిగ్గేసింది. కొంచెమే.

సామాన్లు వెళ్ళిపోయిన మర్నాడు మా వాకిట్లో పెద్ద ట్రెయిలరు వచ్చి ఆగింది. దానినిండా రంగురంగుల పడవలు. మనిషి దిగి, "పింకమ్‌గారి పడవ ఏదండీ?" అన్నాడు.

"అయ్యో, మీకు చెప్పలేదా? అమ్మేశాం," అన్నాను, చాలా జాలి నటిస్తూ. "శ్రమపడి వచ్చారు, కాఫీ తాగి వెళ్ళండి."

ఆయన జాబితా వెతుక్కుంటుండగానే వెనకాల ఇంకో బండి వచ్చింది. హ్యారియెట్‌గారి ట్రక్కు. లోర్నా పక్క సీట్లోంచి దూకింది. ట్రక్కు మీద ప్రూడెన్స్‌కన్నా పొడుగ్గా, లావుగా, ఆకుపచ్చగా ఒకటుంది. దానికి ఒక సీటు కాదు, ఒకదాని వెనక ఒకటి రెండు సీట్లున్నాయి.

ట్రెయిలరు మనిషి పకపకా నవ్వాడు. "ఓహో, విడాకుల పడవ!"

పడవలవాళ్ళంతా రెండు సీట్ల కయాక్‌ను ఆ పేరుతోనే పిలుస్తారు. మొగుడూ పెళ్ళాం కలిసి ఎక్కి, నేరుగా లాయరు దగ్గర దిగుతారట.

"లోర్నా!" అన్నాను. "అమ్మేద్దామన్నావుగా!"

"అమ్మేశాగా. హ్యారియెట్ ప్రూడెన్స్‌ని తీసుకుని ఇది ఇచ్చింది. దాని మొగుడు ఒక్కసారి ఎక్కి మళ్ళీ ఎక్కలేదట."

"ఎందుకెక్కలేదు?"

"విడాకులు తీసుకున్నాడు," అన్నారు హ్యారియెట్‌గారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

"నాకు ఈత రాదే తల్లీ!"

"వస్తుంది. నీ కొత్త ఆఫీసు పక్క వీధిలో ఈతకొలను ఉంది. నీ పేరు రాయించేశాను. పిల్లల తరగతిలోనే ఖాళీ ఉందట." లోర్నా నా దగ్గరికొచ్చి, కాలరు సరిచేసింది. "నేను మానలేను ఎల్వుడ్. నువ్వు భయపడటం మానలేవు. భయపడేదేదో నా దగ్గరుండి భయపడు. ముందు సీటు నీది."

"ముందు కూర్చుంటే నువ్వు నాకు కనపడవుగా!"

"వినపడతాను," అంది.

ట్రెయిలరు మనిషి తాళ్ళు బిగించాడు. మైదానాల గాలి గురించి ఒక్కముక్క కూడా అనలేదు. ఆ పడవ చెక్కుచెదరకుండా మాకన్నా ముందే చేరింది.

లోర్నా ఇక్కడా స్కూలు బస్సే నడుపుతోంది. ఇప్పుడు బడి లేని రోజు పొద్దున్నే ముందు సీట్లో కూర్చుంటున్నది నేనే. పావడా సరిగానే కడుతున్నాను. భయం పోయిందా అంటే, పోలేదు. ముందు సీట్లో ప్రతి అలా నాకే మొదట కనపడుతుంది. వెనకనుంచి "ఎడమ వెయ్యి, ఎడమ! అది కుడి నాయనా!" అని బస్సు గొంతుతో అరుస్తూనే ఉంటుంది లోర్నా.

మొన్న దీవి దాటుతుంటే మంచు దిగింది. గట్టు పోయింది. ఆ అరుపు కూడా ఆగిపోయింది. మెడ తిప్పితే బోల్తా పడతామని భయం, తిప్పకపోతే ఇంకా భయం.

"లోర్నా?" అన్నాను, తెడ్డు గట్టిగా పట్టుకుని.

"ఉన్నాను. తెడ్డెయ్యి," అంది వెనకనుంచి.

వేశాను.